పిల్లల్లో మత్తు అలవాటు: అనుమానం వచ్చిన రోజు ఏం చేయాలి?

జూన్ 26 అంతర్జాతీయ మాదకద్రవ్యాల వ్యతిరేక దినం సందర్భంగా ఈసారి శీర్షికను పిల్లల మత్తు అలవాట్లకు కేటాయించాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ కాలనీల్లోని తల్లిదండ్రులవి. తమ పేరు వేయవద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి ప్రాంతం మాత్రమే ఇస్తున్నాం. నగరంలో పిల్లలకు, యువతకు మానసిక వైద్యం అందిస్తున్న వైద్యులు ఈ సమాధానాలు రాశారు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. పదో తరగతి వరకు అందరితో కలివిడిగా ఉండేవాడు. నాలుగైదు నెలలుగా గది తలుపు వేసుకుంటున్నాడు, తెల్లవారుజాము దాకా మేలుకుని పొద్దున లేవడం లేదు, హాజరు తగ్గిందని కాలేజీ నుంచి మెసేజీలు వస్తున్నాయి. పోయిన వారం బట్టలు ఉతకబోతుంటే ప్యాంటు జేబులో కంటి చుక్కల మందు, సన్నగా పొడుగ్గా ఉన్న పల్చటి కాగితాల ప్యాకెట్ దొరికాయి. మావారికి చూపిస్తే, "ఈ వయసులో ఇవన్నీ మామూలే, రచ్చ చేయకు" అన్నారు. నేను ఊరుకోవాలా? వాడి ఫోను తీసి చూడవచ్చా?
ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీరు ఊరుకోకూడదు. అలాగని ఇవాళ రాత్రే నిలదీయనూ కూడదు. మీకు దొరికినవి పొగాకు గానీ గంజాయి గానీ చుట్టుకోవడానికి వాడే కాగితాలు. కుర్రాళ్లు వాటిని ఓసీబీ పేపర్లంటారు. గంజాయి తాగితే కళ్లు ఎర్రబడతాయి కనుక, ఆ ఎరుపు ఇంట్లోవాళ్ల కంట పడకుండా చుక్కల మందు వేసుకుంటారు. ఈ రెండూ ఒకే జేబులో ఉండటం గట్టి అనుమానానికి తావిస్తుంది గానీ రుజువు కాదు. స్నేహితుడు దాచమని ఇచ్చిన ప్యాకెట్ కావచ్చు, ఒక్కసారి ప్రయత్నించి చూసి ఉండవచ్చు, రోజూ తాగుతూనూ ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో తెలిసేది మీ అబ్బాయి నోటి నుంచే. కాబట్టి ఆ నోరు మూతపడే పని ఏదీ చేయకపోవడమే మీ మొదటి జాగ్రత్త.

లక్షణాల గురించి పత్రికల్లో చదివి, తలుపు వేసుకున్న ప్రతి పిల్లవాడినీ అనుమానించే తల్లిదండ్రులను కూడా నేను చూస్తుంటాను. పదిహేడేళ్లవాడు ఒంటరితనం కోరుకోవడం, ఎదురు మాట్లాడటం, అద్దం ముందు గంటసేపు నిలబడటం జబ్బు లక్షణాలు కావు. గమనించవలసింది, మీ బిడ్డ స్వభావం ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఎన్ని మార్పులు ఒకేసారి వచ్చాయి అన్నది. చిన్నప్పటి స్నేహితులందరూ ఒక్కసారిగా కనుమరుగై ఇంటికి ఎప్పుడూ రాని కొత్తవాళ్లు ఆ స్థానంలోకి రావడం, ప్రాణంగా ఆడిన క్రికెట్‌ను కారణం లేకుండా వదిలేయడం, బయటి నుంచి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా స్నానాల గదిలోకి వెళ్లడం, బట్టలకు ఎండుగడ్డి కాలిన లాంటి వాసన, దాని మీద ఘాటుగా కొట్టిన సెంటు, అర్ధరాత్రి అకస్మాత్తుగా విపరీతమైన ఆకలి, చెప్పిన మాట అరగంటలో మరిచిపోవడం, యూపీఐ ఖాతాలో తెలియని ఒకే నంబరుకు మళ్లీ మళ్లీ వెళ్లే చిన్న మొత్తాలు, ఇంట్లో అక్కడక్కడా డబ్బు తగ్గడం వంటివి రెండు మూడు కలిసి వారాల తరబడి కనిపిస్తే అప్పుడు పట్టించుకోవాలి. మీ ఉత్తరంలో నిద్ర, హాజరు, జేబులోని వస్తువులు కలిసి వచ్చాయి కనుక మీ అనుమానం నిరాధారమైనది కాదు.

అయితే ఇవే లక్షణాల్లో కొన్ని డిప్రెషన్‌లోనూ కనిపిస్తాయని మీరు గుర్తుంచుకోవాలి. ఇంటర్ రెండో సంవత్సరమంటే ఒకవైపు బోర్డు పరీక్షలు, మరోవైపు జేఈఈ, ఎప్‌సెట్. ఉదయం నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకుల జాబితా. నిద్ర పట్టక, భయం తగ్గక, ఎవరో "ఒక్క దమ్ము కొట్టు, ప్రశాంతంగా ఉంటుంది" అంటే మొదలుపెట్టే పిల్లలు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. అలాంటి పిల్లవాడికి గంజాయి ఒక్కటి మాన్పించి దిగులును వదిలేస్తే, అతడు మళ్లీ దాని దగ్గరికే వెళతాడు. అందుకే తాగుతున్నాడా లేదా అన్నదానితో పాటు, ఈ నాలుగైదు నెలల్లో వాడి మనసులో ఏం జరిగిందన్నదీ అడగాలి.

ముందుగా మీరూ మీవారూ విడిగా కూర్చుని ఒక మాట మీదికి రండి. ఒకరు కొట్టబోతూ ఒకరు వెనకేసుకొస్తూ ఉంటే పిల్లవాడు ఆ సందులోంచి తప్పించుకుంటాడు. తర్వాత వాడు మత్తులో లేడని నిశ్చయంగా తెలిసిన వేళ, చెల్లెలూ బంధువులూ లేని చోట, వీలైతే బండి మీదో కాలినడకనో ఎక్కడికైనా వెళుతూ మాట్లాడండి. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది, పక్కపక్కన ఉంటే మాట తేలికగా వస్తుంది. "బిడ్డా, బట్టలు ఉతకబోతుంటే నీ జేబులో ఈ పేపర్లు, ఈ చుక్కల మందు కనిపించాయి. నువ్వు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని కూడా చూస్తున్నాను. నాకు భయంగా ఉంది. ఏం జరుగుతోందో చెప్పు, నేను తిట్టను" అని, అన్న మాట ప్రకారం నిజంగానే తిట్టకుండా వినండి. మార్కుల ప్రస్తావన, పక్కింటి పిల్లల పోలిక, "నీ కోసం ఇంత ఖర్చు పెడితే" అన్న మాట ఆ రోజుకు రాకూడదు. మొదటిసారి కాదనే అంటాడు. "సరే, నువ్వు చెప్పింది విన్నాను. కానీ నాకింకా దిగులుగానే ఉంది, ఆదివారం మళ్లీ మాట్లాడుకుందాం" అని అక్కడికి ఆపండి. మత్తు పదార్థం ఈ ఇంట్లోకి రాకూడదన్న నియమం మాత్రం స్పష్టంగా, గొంతు పెంచకుండా చెప్పండి.

ఫోను విషయానికి వస్తే, దొంగచాటుగా చూడటాన్ని నేను సమర్థించను. చూశారని తెలిసిన మరుక్షణం వాడు ఇంకో ఖాతా తెరుస్తాడు, మీతో మాట్లాడటం మానేస్తాడు. చూడవలసిన అవసరం ఉందనిపిస్తే వాడికి చెప్పి, వాడి ఎదుటే చూడండి. చనిపోతానన్న మాట అన్నా, రాసినా, లేదా ఎవరో డబ్బు కోసం బెదిరిస్తున్నారని అనిపించినా మాత్రం అనుమతి కోసం ఆగనక్కరలేదు. మందుల దుకాణాల్లో దొరికే మూత్ర పరీక్ష కిట్లను ఇంట్లో వాడవద్దని కూడా చెబుతాను. ఒక్కసారి తాగినవాడిలో గంజాయి జాడ కొద్ది రోజుల్లో పోతుంది, రోజూ తాగేవాడిలో మానేసిన తర్వాత కూడా వారాల పాటు కనిపిస్తుంది. కొన్ని మామూలు మందుల వల్ల కొన్నిసార్లు తప్పుడు ఫలితం వస్తుంది. పరీక్ష కావాలో వద్దో వైద్యుడు నిర్ణయించనివ్వండి.

ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు అబద్ధం చెప్పకండి. కంటి పరీక్షకనో, జుట్టు రాలుతోందని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికనో చెప్పి తీసుకొస్తారు. గుమ్మం పక్కన బోర్డు చదవగానే ఆ పిల్లవాడు చేతులు కట్టుకుని, తల గోడవైపు తిప్పి కూర్చుంటాడు. ఆ తర్వాత అరగంట నేనేం అడిగినా సమాధానం రాదు. "నీకు నిద్ర పట్టడం లేదు, దాని గురించి డాక్టరుతో మాట్లాడదాం, నువ్వు ఒంటరిగానే మాట్లాడవచ్చు" అంటే చాలామంది వస్తారు.

మీవారికి నా మాటగా ఇది చెప్పండి. మంచిచెడ్డలు తూచి, కోరికను ఆపే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ల వయసు దాకా పడుతుంది. ఎంత చిన్న వయసులో మత్తు మొదలైతే అది వ్యసనంగా మారే అవకాశం అంత ఎక్కువ. ఈ వయసులో మామూలే అని వదిలేయడానికి వీల్లేనిది అందుకే.

ప్రశ్న: మాకు పెయింట్లు, హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ఎనిమిదో తరగతి చదివే మా బాబు రెండు మూడుసార్లు గోదాములో ఒంటరిగా కూర్చుని కనిపించాడు. చొక్కా చేతుల చివర, జేబురుమాలు థిన్నర్ వాసన వస్తున్నాయి. తలనొప్పి అంటాడు, అన్నం సరిగా తినడు. "అదేమీ డ్రగ్స్ కాదు కదా అన్నా, రెండు దెబ్బలేస్తే మానేస్తాడు" అంటున్నాడు మా తమ్ముడు. నిజమేనా?
ఒక తండ్రి, ఎల్బీనగర్

జవాబు: మీ తమ్ముడు చెప్పిన రెండు మాటలూ తప్పే. థిన్నర్, వైట్‌నర్, పంక్చర్ అతికించే సొల్యూషన్, కొన్ని రకాల జిగురులు వంటి వాటిలో ఉండే టోల్యూన్ వంటి ద్రావకాల ఆవిరి ఊపిరితిత్తుల ద్వారా క్షణాల్లో మెదడుకు చేరుతుంది. మత్తు కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి పిల్లలు మళ్లీ మళ్లీ పీలుస్తారు. ఎక్కువ కాలం పీలిస్తే జ్ఞాపకశక్తి, నరాలు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అన్నింటికంటే ప్రమాదకరమైనది, గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోయే అవకాశం. మొదటిసారి పీల్చినవాడికి కూడా అది జరగవచ్చు.

ఈ మత్తు ముఖ్యంగా పిల్లలది. ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించిన దేశవ్యాప్త సర్వే ఫలితాలను కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ 2019లో ప్రచురించింది. పీల్చే మత్తు పదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉందని అది తేల్చింది. పెద్దల కంటే పిల్లల్లో వాడకం ఎక్కువగా ఉన్న మత్తు రకం ఆ సర్వేలో ఇదొక్కటే. కొనడానికి డీలరు అక్కరలేదు, స్టేషనరీ కొట్టూ ఇంటి అటకా చాలు.

కాబట్టి బాబు గోదాములో పీలుస్తూ కనిపిస్తే అరవకండి, మీద పడకండి, పారిపోతుంటే వెంటపడకండి. ఆ ఆవిరి ఎక్కి ఉన్న గుండెకు హఠాత్తుగా భయం, పరుగు తోడైతే ఆగిపోయే ప్రమాదం ఉంది. నెమ్మదిగా దగ్గరకు వెళ్లి రుమాలు తీసి పక్కన పెట్టి, షట్టరు పైకెత్తి గాలి ఆడేలా చేసి, వాడిని కూర్చోబెట్టి, మత్తు దిగేదాకా పక్కనే ఉండండి. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు. స్పృహ తప్పితే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే అంబులెన్సు వచ్చేవరకు ఛాతీ మధ్యభాగాన్ని గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి.

ఈ వారంలోనే వాడిని పిల్లల వైద్యుడికి, ఆ తర్వాత మానసిక వైద్యుడికి చూపించండి. నోటి చుట్టూ, ముక్కు కింద పొక్కులు ఉన్నాయేమో చూడండి. థిన్నర్ డబ్బాలకు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ఇక దెబ్బల సంగతి. పదమూడేళ్ల పిల్లవాడు ఆటకు వెళ్లకుండా గోదాములో ఒంటరిగా ఎందుకు కూర్చుంటున్నాడో మీరు రాయలేదు. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, పాఠం అర్థం కావడం లేదా, ఎవరైనా వాడితో తప్పుగా ప్రవర్తించారా అన్నది కనుక్కోవాలి. కొట్టిన తండ్రికి ఈ సంగతులు ఏ పిల్లవాడూ చెప్పడు. మీరు రోజూ దుకాణం కట్టేసే ముందు ఒక గంట వాడికి ఇవ్వగలిగితే నేను రాసే మందుల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: డాక్టరు బాబూ, మా కూతురు, అల్లుడు దుబాయ్‌లో ఉంటారు. పదహారేళ్ల మనవడు మా దగ్గర ఉంటున్నాడు. పెన్‌డ్రైవ్‌లాంటిది నోట్లో పెట్టుకుని మామిడిపండు వాసన వచ్చే పొగ వదులుతున్నాడు. అడిగితే, "ఆవిరే అమ్మమ్మా, ఇందులో ఏమీ లేదు" అంటున్నాడు. వాళ్లమ్మకు చెప్పాలా?
ఒక అమ్మమ్మ, మల్కాజిగిరి

జవాబు: చెప్పాలమ్మా. అది వేప్, అంటే ఈ-సిగరెట్. సాధారణంగా అందులో నికోటిన్ ఉంటుంది, కొన్నింటిలో గంజాయి నూనె కూడా నింపుతున్నారు. మన దేశంలో 2019లో వచ్చిన చట్టం వాటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, నిల్వను, చివరికి ప్రకటనలను కూడా నిషేధించింది. దాన్ని పీల్చినందుకు మీ మనవడిని ఆ చట్టం శిక్షించదు, అమ్మినవాడిని శిక్షిస్తుంది. మీ అమ్మాయికి ఫిర్యాదులా కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పి, ముగ్గురూ కలిసి వీడియో కాల్‌లో వాడితో మాట్లాడండి. అది లేని రోజున చిరాకు, తలనొప్పి, చదువు మీద ధ్యాస కుదరకపోవడం ఉంటే అలవాటు ముదిరినట్టే, వైద్యుడి సాయం తీసుకోవాలి.

ఇంకొక్క మాట. మీ వయసువారు నిద్రకు ఆల్ప్రజోలం వంటి మాత్రలు వాడుతుంటారు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపి ఎన్నో కుటుంబాలను బాధపెట్టింది ఈ మాత్రల మందే. మీ ఇంట్లో అవి ఉంటే బీరువాలో పెట్టి తాళం వేయండి, అప్పుడప్పుడు లెక్క చూసుకోండి. ఎవరైనా పిల్లవాడు వాటికి అలవాటు పడినట్టు తేలితే ఒక్కసారిగా మాన్పించకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వైద్యుడి పర్యవేక్షణలో మోతాదు కొద్దికొద్దిగా తగ్గించాలి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. హాస్టల్‌లో స్నేహితురాళ్లతో కలిసి గంజాయి చాక్లెట్లు తినడం మొదలుపెట్టి, ఇప్పుడు అవి లేకపోతే నిద్ర పట్టడం లేదని తనే ఏడుస్తూ చెప్పింది. ఆసుపత్రికి వెళితే పోలీసు కేసు అవుతుందేమో, రేపు పాస్‌పోర్టు, పెళ్లి ఏమవుతాయో అని మాకు భయంగా ఉంది. నగర శివారులో ఒక సెంటర్ ఉందని, ఆరు నెలలు తల్లిదండ్రులను కూడా కలవనివ్వకుండా ఉంచి పూర్తిగా మాన్పిస్తారని బంధువులు అంటున్నారు. అక్కడ చేర్చమంటారా?
ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: చేర్చవద్దు. అయ్యా, మీ అమ్మాయి తనంతట తానే మీ దగ్గరికి వచ్చి చెప్పింది. ఈ వయసు పిల్లల్లో అంత ధైర్యం అరుదు, మీ ఇంట్లో ఆమెకు దొరికిన నమ్మకమే ఆ ధైర్యానికి కారణం. అలాంటి బిడ్డను ఆరు నెలలు కళ్లకు దూరంగా పంపితే, నిజం చెప్పినందుకు శిక్ష పడిందని ఆమె అనుకుంటుంది. ఇంకెప్పుడూ చెప్పదు.

చట్టం సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ భయంతోనే కుటుంబాలు విలువైన నెలలు పోగొట్టుకుంటున్నాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి, ఆ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. మాదకద్రవ్యాల నిరోధక చట్టం, 1985 గంజాయి వాడకాన్ని నేరంగానే చూస్తుంది, దానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. కానీ అదే చట్టంలోని 64ఎ సెక్షన్, వాడకానికి గానీ చిన్న మొత్తంలో మత్తు పదార్థానికి గానీ సంబంధించిన కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తి చేసుకుంటే విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. మీ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండలేదు కనుక, ఒకవేళ కేసంటూ వచ్చినా అది బాల న్యాయ మండలి ముందుకు వెళుతుంది, ఆమె పేరు, వివరాలు బయటపెట్టడం నేరం. మరోవైపు పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవాడికి బాల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్ ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. భయపడవలసింది అమ్మినవాడు, మీరు కాదు.

ఇక ఆ సెంటర్. 2017 చట్టం ప్రకారం మైనర్లను ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే ఒక మానసిక వైద్యుడితో పాటు మరో అర్హులైన నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. పెద్దల వార్డులో కాకుండా వేరుగా ఉంచాలి. చికిత్స జరిగినన్నాళ్లూ తల్లిదండ్రులు గానీ వారు నియమించిన మనిషి గానీ పక్కనే ఉండాలి, ఆడపిల్ల అయితే తోడుండే మనిషి స్త్రీ అయి ఉండాలి. చేర్చుకున్న సంగతి 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్ష మండలికి తెలియజేయాలి. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషిద్ధం. తల్లిదండ్రులను ఆరు నెలలు రానివ్వమని చెప్పే చోటు ఈ నియమాలకు విరుద్ధంగా నడుస్తున్నట్టే. ఎక్కడైనా చేర్చక తప్పని పరిస్థితి వస్తే రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి, మానసిక వైద్యుడు ఏయే రోజుల్లో వస్తారో అడగండి, పిల్లలు పడుకునే గది చూపించమనండి. చూపించడానికి తటపటాయిస్తే వెనక్కి వచ్చేయండి.

మీ అమ్మాయికి బహుశా చేరవలసిన అవసరం కూడా ఉండదు. గంజాయికి అలవాటు పడిన పిల్లల్లో ఎక్కువమందికి ఇంటి నుంచి వచ్చిపోతూ చేసే చికిత్స సరిపోతుంది. ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలోనూ, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లోనూ ఈ సేవ అందుతుంది. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే వ్యసన విముక్తి కోసం ఉన్న జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. మొదటి రోజు వైద్యుడు ఆమెతో ఒంటరిగా మాట్లాడతారు. ఎంత తింటోంది, ఎప్పటి నుంచి, ఇంకేమైనా వాడుతోందా, దిగులు, ఆందోళన ఉన్నాయా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడుగుతారు. మానేసిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో క్రమంగా తగ్గుతాయి. ఆ రోజుల్లో మీ ఇంట్లో గట్టిగా తలుపు వేసిన చప్పుడు వినబడితే అది పొగరు కాదని, శరీరం సర్దుకుంటోందని అర్థం చేసుకోండి. గంజాయి కోరికను మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు, కౌన్సెలింగే ప్రధాన చికిత్స. మధ్యలో ఒకసారి మళ్లీ తిన్నా చికిత్స వృథా అయినట్టు కాదు, ఆ రోజు ఏం జరిగిందో డాక్టరుకు చెబితే తర్వాతి జాగ్రత్త తెలుస్తుంది.

చాక్లెట్ రూపంలోని గంజాయికి ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. పొగ అయితే నిమిషాల్లో ఎక్కుతుంది, తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని రెండోది, మూడోది తినేస్తారు. ఆ తర్వాత గుండెదడ, విపరీతమైన భయం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం, వినబడని మాటలు వినబడటం వంటివి వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కుటుంబంలో ఎవరికైనా తీవ్రమైన మానసిక వ్యాధి ఉంటే ఆ సంగతి దాచకుండా వైద్యుడికి చెప్పండి, అలాంటి పిల్లల్లో గంజాయి ఆ వ్యాధిని త్వరగా బయటపెట్టే ప్రమాదం ఎక్కువ.

హాస్టల్ నుంచి కొన్నాళ్లు ఇంటికి తీసుకురావడమే మంచిదని నా అభిప్రాయం. చదువు ఒక టర్ము వెనకబడినా కోలుకోవచ్చు. అమ్ముతున్న మనిషి గురించి ఆమె చెప్పగలిగితే, ఆమె పేరు చెప్పకుండానే, రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్ నంబరు 1908కు గానీ, జాతీయ నంబరు 1933కు గానీ సమాచారం ఇవ్వవచ్చు.

ప్రశ్న: మా పిల్లలకు పన్నెండు, పదేళ్లు. ఇప్పటి నుంచే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? మావారు శని, ఆదివారాల్లో ఇంట్లోనే స్నేహితులతో కూర్చుని తాగుతారు. సోడా, సిగరెట్లు తెమ్మని పెద్దవాడినే పంపుతారు. నాకు నచ్చడం లేదు గానీ చెబితే వినరు.
ఒక తల్లి, మెహదీపట్నం

జవాబు: మీ ఉత్తరంలో ప్రశ్నతో పాటు జవాబు కూడా ఉందమ్మా. సిగరెట్ల కోసం పిల్లవాడిని కొట్టుకు పంపడం ఈ శనివారం నుంచే ఆగిపోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు వారికి పొగాకు ఉత్పత్తులు అమ్మడమే 2003 చట్టం ప్రకారం నేరం. తండ్రి పంపితే తెచ్చి, గ్లాసులో సోడా పోసి, స్నేహితుల నవ్వుల మధ్య నిలబడే పన్నెండేళ్లవాడికి, మనసు తేలికపడాలంటే మగవాళ్లు ఇలా కూర్చోవాలన్న సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. మీవారికి మీ మాటగా చెబితే వినకపోతే ఈ పేజీ చదివి వినిపించండి. ఆయన మానేస్తే అంతకంటే మేలు లేదు. వెంటనే మానలేకపోతే కనీసం పిల్లల ఎదుట, పిల్లల చేతుల మీదుగా జరగకూడదు.

మిగిలిన జాగ్రత్తలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రోజుకు ఒక పూట టీవీ, ఫోన్లు లేకుండా అందరూ కలిసి తినండి. పిల్లల స్నేహితుల పేర్లు, వాళ్ల తల్లిదండ్రుల నంబర్లు తెలిసి ఉండాలి. "ఎవరైనా చాక్లెటో, పెన్నులాంటి వేపో ఇచ్చి ఒక్కసారి రుచి చూడమంటే ఏమంటావు?" అని అడిగి, "వద్దు భయ్యా, మా అమ్మకు తెలిస్తే ఊరుకోదు" అని మీ మీదికే నెట్టేయమని నేర్పండి. పదేళ్లవాడికి అంతకంటే తేలికైన సాకు ఉండదు. ఎక్కడ ఇరుక్కున్నా, ఎంత రాత్రి అయినా ఫోన్ చేస్తే ముందు వచ్చి తీసుకువెళతామని, ప్రశ్నలు మర్నాడే అడుగుతామని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం, అయినా నిలబెట్టుకోండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. నా ప్రాణస్నేహితుడు రోజూ గంజాయి తాగుతున్నాడు. ఈమధ్య "బతకాలని లేదురా" అంటున్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. చెబితే ద్రోహం చేసినట్టు అవుతుందా?
ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కాదు బాబూ. బతకాలని లేదన్న మాట విన్నాక ఆ ఒట్టుకు నువ్వు కట్టుబడి ఉండనక్కరలేదు, ఉండకూడదు కూడా. ఈ రోజే వాడి ఇంట్లో నువ్వు నమ్మే పెద్దవారికి, వాళ్లమ్మకో అన్నయ్యకో, వాడన్న మాట అన్నట్టుగా చెప్పు. అక్కడ ఎవరూ లేకపోతే మీ ఇంట్లోనో, కాలేజీలో నీకు చనువున్న లెక్చరర్‌కో చెప్పు. వీలైతే ముందు వాడితోనే, "నువ్వన్న మాటకు నాకు భయం వేసింది, నేను మీ ఇంట్లో చెబుతున్నాను, నువ్వూ నాతో రా" అను. కోపం తెచ్చుకుంటాడు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా, ఫరవాలేదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు, నీ కోసమైనా వాడి కోసమైనా. పద్దెనిమిదేళ్ల లోపు వారికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. వాడు ఇప్పుడే ఏదైనా చేసుకుంటాడని అనిపిస్తే వాడిని ఒంటరిగా వదలకుండా 112కు గానీ 108కు గానీ ఫోన్ చేసి, పెద్దవాళ్లు వచ్చేవరకు పక్కనే ఉండు.